గడికొక అక్షరం

పరశురాములు పేరు చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంకా ఎన్నాళ్ళు మనసులో పెట్టుకుంటావని మా నాయన దేవ్‌సింగ్ అడుగుతుంటాడు. ఎందుకు పెట్టుకోకూడదు? నేను ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు, పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించలేదు. ఆయన చేతిలోని మౌసుతో ఆయన చేతే ఆయన పరువు తీయించాను. ఎలా తీయించానో చెబుతాను. విన్నాక తప్పో ఒప్పో మీరే అనుకోండి, నాకు మాత్రం చెప్పకండి.

తొర్రూరు బస్టాండు పక్క సందులో పరశురాములుకు డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, దినకర్మ కార్డులు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు అన్నీ అక్కడ తయారవుతాయి. మాది కురవి దగ్గర ఒక తండా. మహబూబాబాద్‌లో డిగ్రీ అయ్యాక నేను ఆ షాపులో ఆపరేటర్‌గా చేరాను. టైపు చేయడం, ఫోటోలు కత్తిరించడం, అక్షరాలకు నీడలు పెట్టడం మొదట్లో ఆయనే నేర్పాడు. ఆ మాట నేను ఎన్నడూ కాదనలేదు. కానీ నేర్పినందుకు నన్ను కొనేసుకున్నానని ఆయన అనుకున్నాడు. అక్కడే చెడింది.

మా అమ్మ పేరు నీలి. మా లంబాడి భాషలో అమ్మను యాడి అంటాం. చేను పని లేని రోజుల్లో ఆమె ఇంటి ముందు కూర్చుని రవికలకూ లంగాలకూ అద్దాల కుట్టు వేసేది. ముందుగా గుడ్డ మీద గీత గీసుకునే అలవాటు ఆమెకు లేదు. పోగులు లెక్కపెట్టుకుంటూ గడికొక కుట్టు వేసుకుంటూ పోయేది. లెక్క తప్పకుండా ఉండటానికి పాట పాడేది. పాటలో పాదం ఎక్కడ ముగిస్తే అక్కడ దారం రంగు మారేది. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని, గుడ్డ వైపు చూడకుండానే, పాటను బట్టి ఎర్ర దారమో పసుపు దారమో అందించేదాన్ని. అలాంటి మనిషి ఒక వానాకాలం జ్వరం పడి, మహబూబాబాద్ దవాఖానలో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆమె పోయాక వెతికితే ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటే దొరికింది, ఏదో కార్డు కోసం తీయించింది. అందులో ఎవరో గద్దించినట్టు కళ్ళు బెదిరిపోయి ఉన్నాయి. నవ్వితే ఎడమ చెంప మీద పడే గీత లేదు. అది మా యాడి ముఖం కాదు. ఆమె ముఖాన్ని ఎలాగైనా తెచ్చుకోవాలన్న పట్టుదల నన్ను పట్టుకుంది. బొమ్మలు గీయడం నాకు రాదు. వచ్చిందల్లా టైపు చేయడమే. అందుకని ఆమె పాటలన్నీ గుర్తు చేసుకుని మా భాషలోనే టైపు చేశాను. మా భాషకు వేరే లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. ఆ పాటల వరుసలనే కిందికీ పైకీ పేర్చి ఆమె ముఖం కట్టాలని నా ఆలోచన. దూరం నుంచి చూస్తే ముఖం కనబడాలి, దగ్గరికి వస్తే పాట చదవగలగాలి.

మొదటిసారి ఘోరంగా వచ్చింది. షాపులో ఉన్న ఫాంట్లన్నీ కార్డులకు, ఫ్లెక్సీలకు పనికొచ్చేవి. వాటిలో ర ఒక పక్కకు ముడుచుకుంటుంది, ఘ దానికి రెండింతల జాగా తీసుకుంటుంది, ఒత్తు పడితే కింది వరుస మీదికి దిగుతుంది. పై వరుసలో కన్ను ఎక్కడ మొదలైందో కింది వరుసలో అక్కడికి అక్షరం చేరదు. అక్షరాలన్నీ ఒకే కొలత గడిలో కూర్చుంటేనే ముఖం నిలుస్తుంది. నాకు కావలసినటువంటి తెలుగు ఫాంటు ఎంత వెతికినా దొరకలేదు. దొరకకపోతే మానేస్తానా? ఫాంట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి నా సొంత ల్యాప్‌టాప్‌లో దించుకున్నాను. అమ్మ కుట్టిన రవిక ముందు పెట్టుకుని, అందులోని గడి కొలతనే తీసుకుని, ఒక్కో అక్షరం గీయడం మొదలుపెట్టాను. గుణింతమైనా ఒత్తైనా అన్నీ ఆ ఒక్క గడిలోనే సర్దుకోవాలి. ప్రతి అక్షరానికీ సన్న రూపం, లావు రూపం గీశాను. చెంపకు సన్నవి, కనుబొమకు లావువి. ఒక వానాకాలం పోయి ఇంకో వానాకాలం వచ్చింది. తయారైన ఫాంటుకు నీలి అని పేరు పెట్టాను.

షాపులో స్క్రీన్ పెద్దది కాబట్టి ఆ కంప్యూటర్‌లో నా ఫాంటు ఎక్కించి బొమ్మ తెరిచాను. మా యాడి నన్ను చూసి నవ్వింది. ఎడమ చెంప మీద గీత పడింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పరశురాములు వెనక నిలబడి చూసి మెచ్చుకున్నాడు. ఫైలు ఇక్కడే ఉంచు, వచ్చేవాళ్ళకు చూపిద్దాం అన్నాడు. మా అమ్మను నలుగురూ చూస్తారని సంబరపడి సరే అన్నాను.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం భూపాలపల్లిలో ఏవో ఉత్సవాలు జరిగాయి. వాటిలో బొమ్మల ప్రదర్శన కూడా ఉందట. ఆ సంగతి నాకు తెలియదు. కుటుంబంతో కాళేశ్వరం దర్శనానికి పోతున్నానని చెప్పి పరశురాములు షాపు నాకు అప్పగించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఫోన్‌లో ఆయన స్టేటస్ చూశాను. మనిషి ఎత్తు ఫ్లెక్సీ మీద మా యాడి. పక్కన మెడలో శాలువాతో పరశురాములు. ఫ్లెక్సీ కింద పెద్ద అక్షరాలతో, అడవితల్లి, చిత్రకారుడు పరశురాములు, అని ఉంది. అడవితల్లి ఏమిటి? ఆమెకు పేరు లేదా? ఆమె పుట్టి బుద్ధెరిగాక పత్తి చేను తప్ప అడవి మొహం చూడలేదు.

తిరిగి వచ్చిన రోజు అడిగేశాను. అన్నా, అది మా అమ్మ ముఖం, ఆమె పేరు ఎందుకు పెట్టలేదు, నా పేరు ఎందుకు పెట్టలేదు అన్నాను. గట్టిగానే అడిగాను. ఆయన తొణకలేదు, బెణకలేదు. కూల్‌డ్రింకు తాగుతూ జవాబిచ్చాడు.

"మిషిన్ నాది, కరెంట్ నాది, నువ్వు కూసున్న కుర్సీ నాది. గండ్ల పుట్టిన బొమ్మ నీదెట్లయితది? తండా నుంచి వచ్చిన్నాడు నీకు మౌసు పట్టుడు గూడ తెల్వది. ఇగ గా ముసలామె పేరంటవా, ఆమె పేరు ఎవనికి గావాలె?"

ముందరి మాటలు నేను మింగేసేదాన్నేమో. ఆ చివరి మాట మాత్రం గొంతు దిగలేదు. అక్కడే పళ్ళు నూరుకున్నాను. ఈ నోటితోనే ఆమె పేరు పలికిస్తాను, అదీ నలుగురిలో పలికిస్తాను, అప్పటిదాకా నేను దేవ్‌సింగ్ బిడ్డను కాదు అనుకున్నాను. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. దారికొచ్చానని ఆయన అనుకున్నాడు. నేను ఆ కంప్యూటర్‌లోంచి నీలి ఫాంటును తీసేసి, బొమ్మ ఫైలును ముట్టుకోకుండా అలాగే ఉంచి, బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచాను.

జనగామలో విజయక్క కార్డుల ప్రెస్సులో పని దొరికింది. విజయక్క భర్త పోయాక ప్రెస్సును ఒంటి చేత్తో నడుపుకొస్తున్న మనిషి. నోరు విప్పితే అవతలివాడు దారి వెతుక్కోవాలి. నా సంగతంతా విని, వాణ్ణి పేపర్లకెక్కిద్దామా అని అడిగింది. వద్దన్నాను. ఆయనే నా దగ్గరికి వస్తాడు చూడక్కా అన్నాను.

ఎందుకంత ధీమా అంటే ఆయన దగ్గర ముఖం మిగిలింది ఫ్లెక్సీ మీద ఒక్కటే. ఫ్లెక్సీలో దూరం నుంచి ముఖం కనిపిస్తుంది కానీ దగ్గరికి పోతే అక్షరాలు అలుక్కుపోయి బూడిద చల్లినట్టుంటాయి. అవి నిజంగా అక్షరాలేనా అని ఎవరైనా అడిగిన రోజున ఫైలు తెరవక తప్పదు. తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ అడిగినాయన సోమనర్సయ్య సార్. తెలుగు పంతులుగా రిటైరై జనగామలో ఒక సాహిత్య సంఘం నడుపుతున్నాడు. భూపాలపల్లి శాలువా ఫోటో ఎక్కడో చూసి పరశురాములుకు సన్మానం చేస్తామని కబురు పెట్టాడు. ఫ్లెక్సీ తేవద్దు, ఫంక్షన్ హాల్లో పెద్ద స్క్రీన్ పెట్టిస్తాం, ఫైలు తెరిచి దగ్గరగా చూపించు, జనం అక్షరాలు చదువుకోవాలి అన్నాడు. పరశురాములు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఫైలు తెరిచాడు. నీలి ఫాంటు లేదు కాబట్టి వరుసలు చెదిరి ముఖం వంకర పోయింది.

మా పనిలో చాలామందికి ఒక దురలవాటు ఉంది, పరశురాములుకు మరీ ఎక్కువ. ఎక్కడి నుంచి ఏ ఫైలు వచ్చినా, అక్షరాలు తేడాగా కనబడితే కారణం వెతకరు. మొత్తం సెలెక్ట్ చేసి లావు ఫాంటు కొట్టేస్తారు. నాయకుల ఫ్లెక్సీల మీద రోడ్డు అవతలి నుంచి కూడా కనబడే ఫాంటు అది. పెళ్ళి కార్డుకైనా చావు కార్డుకైనా ఆయనకు అదే మందు. మా యాడి ముఖానికీ అదే వేశాడు. ముఖం ఉబ్బిపోయి, కనుబొమలు చెంపల్లోకి జారాయి. తర్వాత వాలు అక్షరాల ఫాంటు పెడితే ముఖం ఒక పక్కకు ఒరిగిపోయింది. పెళ్ళి కార్డుల మెలికల ఫాంటు పెడితే ముఖం పోయి తీగలు మిగిలాయి. షాపులో ఉన్న ఫాంట్లన్నీ అయిపోయాయి. ఇదంతా తర్వాత ఫాంటు కోసం వచ్చినప్పుడు ఆయనే నాకు చెప్పాడు. చెబుతుంటే నేను లోపల లోపల నవ్వుకున్నాను.

చివరికి నాకు ఫోన్ చేశాడు. ఎన్నడూ లేనిది బిడ్డా అని పిలిచాడు. ఆ పిలుపుకి నాకు కంపరం పుట్టింది. బొమ్మకు ఏదో ఫాంటు ఉండాలట కదా, అది పంపవా అని అడిగాడు. పంపడం కుదరదు, వచ్చే వారం నీ ల్యాప్‌టాప్ తీసుకుని జనగామ రా అన్నా, నేనే ఎక్కిస్తాను అని చెప్పి పెట్టేశాను.

విజయక్కకు నా మీద కోపం వచ్చింది. ఇవ్వకు, వాడు స్టేజీ మీద నవ్వులపాలు కానీ అంది. ఇవ్వకపోతే ఏదో సాకు చెప్పి ఫ్లెక్సీ ఫోటో చూపించి శాలువా కప్పించుకుని పోతాడక్కా అన్నాను. నాకు ఆయన ఓడిపోవడం ఒక్కటే చాలదు. ఆ నోట్లోంచి మా అమ్మ పేరు రావాలి.

అందుకు కావలసిన సౌకర్యం తెలుగు ఫాంటులోనే ఉంది. మనం ఒక అక్షరం పక్కన ఇంకొకటి కొడితే రెండోది వెళ్ళి కింద ఒత్తై కూర్చుంటుంది కదా. ఫలానా అక్షరాలు పక్కపక్కన వస్తే ఫలానా రూపం చూపించు అని ఫాంటులో ముందే రాసి పెడతారు. దాన్నే నేను ఇంకొంచెం సాగదీశాను. పాటల్లో ఏ పాదం వచ్చినా దాని గడుల్లో నేను చెప్పిన అక్షరాలే కనబడేలా నీలి ఫాంటుకు ఇంకో రూపం చేశాను. గడి అదే, లావూ సన్నమూ అవే, కాబట్టి ముఖం చెక్కు చెదరదు. దగ్గరికి పోతే మాత్రం పాటకు బదులు ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈమె పేరు నీలి, ఈ ముఖం కట్టింది ఈమె బిడ్డ కల్యాణి. అంతే. దొంగ అని కూడా రాయాలని నా చెయ్యి దురద పెట్టింది. బలవంతాన ఆపుకున్నాను. అందులో తిట్టు లేదు, అబద్ధం లేదు. ఆయన స్టేజీ మీద నిజం చెబితే ఆ అక్షరాలు ఆయన మాటకు సాక్ష్యం చెబుతాయి, పెద్దమనిషి అనిపించుకుంటాడు. చెప్పకపోతే ఆయన ఖర్మ.

చెప్పిన రోజుకు మిఠాయి డబ్బా పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. జరిగిందేదో జరిగింది, నువ్వు నా ఇంటి బిడ్డలాంటిదానివి అని మొదలుపెట్టాడు. మిఠాయి డబ్బా మూత నేను తీయలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాను. స్టేజీ మీద మా అమ్మ పేరు చెప్పాలి, నేను చేశానని చెప్పాలి, శాలువా కావాలంటే నువ్వే కప్పుకో అన్నాను. కురవి వీరన్న మీద ఒట్టేసి మరీ చెబుతానన్నాడు. అంత తొందరగా ఒట్టు పెట్టేసరికి ఆయన చెప్పడని నాకు అర్థమైపోయింది.

ఫాంటు ఎక్కించి ఫైలు తెరిచాను. స్క్రీన్ మీద మా యాడి వచ్చింది. పరశురాములు పెద్దగా ఊపిరి వదిలి ల్యాప్‌టాప్ మూయబోయాడు. నేను ఆపాను. తర్వాత నన్ను అనడానికి లేకుండా ఆ ఒక్క అవకాశం కూడా ఇచ్చాను.

"దగ్గరికి జరిపి ఒకసారి సదువుకో అన్నా. స్టేజీ మీద అడుగుతరు."

"మీ లంబాడి మాటలు నాకేం సమజైతయ్? గవి సదివేటోడెవడు? మొఖం మంచిగ కనబడుతుంది, చాలు."

అన్నేళ్ళు నా పక్క కుర్చీలో కూర్చుని, ఆ బొమ్మతో శాలువా కప్పించుకున్న మనిషి, అందులో ఏం రాసి ఉందో ఒక్కసారి కూడా చదవలేదు. చదవడానికి అందులో ఏముంటుందిలే అని ఆయన ఉద్దేశం. మూసుకో అన్నా, ల్యాప్‌టాప్ జాగ్రత్త అన్నాను.

సన్మానం రోజు ఫంక్షన్ హాలు నిండిపోయింది. నేనూ విజయక్కా చివరి వరుసలో కూర్చున్నాం. ఆయన నిజం చెప్పాలని నేను దేవుడికి మొక్కుకున్నానని చెబితే అది పచ్చి అబద్ధం. ఎక్కడ నిజం చెప్పేస్తాడోనని నాకు చెమటలు పట్టాయి. ఒకవేళ మనసు మారి మా అమ్మ పేరు మర్యాదగా చెప్పేస్తే నా పగ ఏం కావాలి? ఇన్ని నెలలు కడుపులో పెట్టుకుని మోసింది ఎక్కడ దింపుకోవాలి?

స్క్రీన్ మీద గోడంత ఎత్తున మా యాడి నవ్వింది. హాలంతా చప్పట్లు. పరశురాములు తెల్ల చొక్కాలో మైకు ముందుకు వచ్చాడు. ఒకసారి నా వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

"కురవి జాతరకు పోయిన్నాడు ఒక ముసలవ్వను చూసిన. అడవిలకెళ్ళి వచ్చిందట. పేరు గూడ తెల్వది. గా కండ్లు నన్ను నిద్రపోనియ్యలే. ఏడాది కష్టపడి ఈ బొమ్మ చేసిన."

విజయక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది. నా కడుపు చల్లబడింది. అవును, చల్లబడింది. ఇక ఆయన్ని కాపాడే బాధ్యత నా మీద లేదు.

కార్యక్రమం నడుపుతున్న అమ్మాయి నవ్య, కాలేజీ పిల్ల, హుషారుగా మాట్లాడుతోంది. ముఖం అంతా అక్షరాలేనటగా సార్, దగ్గరగా చూపించండి, మేమూ చదువుతాం అంది. పరశురాములు గర్వంగా కూర్చుని మౌసు తిప్పాడు. ఎడమ చెంప దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది. అక్షరాలు అరచేతులంత అయ్యాయి. నవ్య మైకులో చదవడం మొదలుపెట్టింది. ఈమె పేరు నీలి, ఈ ముఖం కట్టింది ఈమె బిడ్డ కల్యాణి. నవ్వుతూ చదివింది. కింది వరుసలోనూ అదే ఉంటే మళ్ళీ చదివింది. మూడో వరుసకు వచ్చేసరికి గొంతు తగ్గిపోయి పరశురాములు వైపు చూసింది.

అప్పుడు ఆయన చదివాడు. ఆ బొమ్మను ఆయన చదవడం అదే మొదటిసారి. గబగబా నుదుటి దగ్గరికి పోయాడు, అక్కడా అదే. కంటి దగ్గరికి పోయాడు, ముక్కు దగ్గరికి, గడ్డం దగ్గరికి పోయాడు. ఎక్కడికి పోయినా మా అమ్మ పేరే ఉంది, నా పేరే ఉంది. ముందు వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరీ కల్యాణి అని వెనక నుంచి ఒకాయన గట్టిగా అడిగాడు. పరశురాములు ముఖం మాడిపోయింది.

ఆ కంగారులో ఆయన తన పాత అలవాటు ప్రకారం చేశాడు. మొత్తం సెలెక్ట్ చేసి లావు ఫాంటు కొట్టాడు.

హాలంతా చూస్తుండగా మా యాడి ముఖం కూలిపోయింది. కళ్ళు జారాయి, నోరు ఒక వైపు పోయింది, స్క్రీన్ నిండా అక్షరాల కుప్ప మిగిలింది. చూడలేక నేను ఒక్క క్షణం తల దించుకున్నాను. ఆయన మాత్రం హమ్మయ్య అనుకున్నట్టున్నాడు. ఎందుకంటే నేను రాసిన మాట పోయింది. ఆ మాట నా ఫాంటులోనే ఉంది, ఫైల్లో లేదు. ఫాంటు మారగానే ఫైల్లో ఉన్న అసలు పాటలు బయటపడ్డాయి. ఎడ్లబండి పాట, నాట్ల పాట, మా అక్క పెళ్ళప్పుడు అమ్మ కట్టిన పాట. అన్నీ లంబాడిలో.

సోమనర్సయ్య సార్ కళ్ళద్దాలు సరిచేసుకుని స్క్రీన్ దగ్గరికి వచ్చాడు. ముఖం ఏమైందయ్యా అని అడిగితే టెక్నికల్ ప్రాబ్లం సార్ అన్నాడు పరశురాములు. సరే ముఖం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు సార్. ఆయన గొంతులో కోపం లేదు, క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"ఏడాది కష్టపడి రాసిన్నంటివి గద. గీ పై వరుస ఒక్కటి సదివి దాని అర్థం చెప్పు బిడ్డా."

పరశురాములు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. సార్ అలాగే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం ఎంతసేపు సాగితే నాకు అంత బాగుండేది. విజయక్క ఉండనివ్వలేదు. లేచి, కల్యాణి ఈడనే ఉన్నది సార్ అని కేక వేసి నన్ను ముందుకు తోసింది.

స్టేజీ ఎక్కాను. పరశురాములు మైకును చేత్తో మూసి నా వైపు వంగాడు. నా ఇజ్జత్ పోతుంది కల్యాణీ, జర ఆ ముఖం మళ్ళ తే అన్నాడు. ఎవరి ముఖం అన్నా, పేరు తెలియని ముసలవ్వదా అని అడిగాను. మీ అమ్మది అన్నాడు, పెదవి కదలకుండా.

"మైకు మీదికెళ్ళి చెయ్యి తియ్యి. తీసి చెప్పు."

చెయ్యి తీయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తీశాడు. స్టేజీ మీది వాళ్ళూ కింది వాళ్ళూ అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"ఈమె కల్యాణి వాళ్ళ అమ్మ. పేరు నీలి. బొమ్మ కల్యాణి చేసింది. నేను గాదు."

మా యాడి పేరు ఎవనికి కావాలె అన్న నోరు అది. ఆ నోటి నుంచి ఆ పేరు స్పీకర్లలో హాలు చివరిదాకా వినబడింది. నాకు ఏడుపు రాలేదు, జాలి కూడా రాలేదు. ఇంకోసారి చెప్పించాలనిపించింది.

ఆయన కుర్చీ ఖాళీ చేసి పక్కకు జరిగాడు. ఇక నేను ముఖం తెస్తాను, జనం చప్పట్లు కొడతారు, తన తప్పు అందులో కొట్టుకుపోతుంది అనుకున్నాడేమో. సోమనర్సయ్య సార్ తాంబాళంలోని శాలువా తీసి నా వైపు రెండడుగులు వేశాడు. నేను కూర్చుని మౌసు అందుకున్నాను. ఆయన ల్యాప్‌టాప్‌లో ఫాంట్లు ఉండే చోటు తెరిచి, నీలిని తీసేశాను. స్క్రీన్ మీద ఏ మార్పూ రాలేదు. అక్షరాల కుప్ప కుప్పలాగే ఉంది.

నవ్య దగ్గరికి వచ్చి ముఖం రాలేదేం అక్కా అని అడిగింది. హాలు కూడా అదే అడుగుతున్నట్టు చూస్తోంది. కాసేపటి క్రితం పేరు లేని ముసలవ్వకు చప్పట్లు కొట్టిన హాలే అది. మైకు నా వైపు తిప్పుకున్నాను.

"రాదు. మా అమ్మకు పరాయోళ్ళ ఇంట్ల ఉండుడు ఇష్టం లేదు. ఇంటికి తీస్కపోతున్న."

సార్ శాలువా పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. నమస్కారం పెట్టి మెట్లు దిగాను. విజయక్క అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. బయటికి పోతూ ఒక్కసారి వెనక్కి చూశాను. పరశురాములు ఆ అక్షరాల కుప్ప ముందు మైకు పక్కనే ఇంకా నిలబడి ఉన్నాడు. ఆయన్ని దిగమని ఎవరూ చెప్పలేదు.